రెండో రోజు సైకిలు

ఫిబ్రవరి 6, సోమవారం

ఇవాళ నా కాళ్ళు నేల మీద లేవు. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మా అమ్మాయి బుల్లిని స్టడీకి తీసుకున్నారు.

ఈ మాట డాబా ఎక్కి అరవాలని ఉంది. కానీ మా ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. బుల్లికి చప్పుడు పడదు. గిన్నె మూత జారినా చెవులు మూసుకుని గోడవైపు తిరుగుతుంది. అందుకని ముగ్గురం గుసగుసగానే మాట్లాడుకోవాలని మా ఆవిడ రూలు పెట్టింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. తాపీ పట్టిన ఇన్నేళ్ళూ పరంజా మీద నుంచి కింద సిమెంటు కలిపేవాడికి వినబడేలా అరిచిన గొంతు ఇది. దీన్ని గుసగుసలోకి దించడమంటే లారీని సందులో తిప్పడమే. పొద్దున ఫోను పెట్టేసి నేను అబ్బ అనగానే మా ఆవిడ నోటిమీద వేలు పెట్టుకుని, అంత ఆగకపోతే కాగితం మీద ఒలకబోసుకోండి అంది. సరే, ఒలకబోస్తున్నాను. నాది ఏడో క్లాసు చదువు. తప్పులుంటే ఉండనీ, ఎవరు చూడొచ్చారు.

ఆ వైరస్ జ్వరం మా ముగ్గురికీ ఒకే వారంలో వచ్చింది. మూడేళ్ళు కావస్తోంది. మా ఇద్దరికీ వచ్చిన దారినే పోయింది. బుల్లికి జ్వరం పోయింది గానీ మిగతాదేదీ పోలేదు. అది పోస్టు మనిషి. ఊళ్ళో సగం వీధులు దాని చెప్పుచేతల్లో ఉండేవి. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి కుక్క ఊరికే మొరుగుతుందో దానికి తెలుసు. ఇప్పుడు తల దువ్వుకున్నా వెళ్ళి పడుకోవాల్సిందే. తను ఉండే అద్దెగది వదిలేసి మా దగ్గరికి వచ్చేసింది.

చూసిన డాక్టర్లందరూ మనసు బలహీనం, కాస్త గాలి మార్చండి అన్నారు. పోస్టుమాస్టరుకి గాలి కబుర్లు అక్కర్లేదు, కాగితం కావాలి. జబ్బు నిజమేనని ఎవరైనా డాక్టరు రాసిస్తే కూర్చుని ఉత్తరాలు విడదీసే బల్ల దగ్గర వేస్తాడట. లేకపోతే మళ్ళీ వీధులు తిరగాలి, లేదా రాజీనామా.

ఈ స్టడీ దానికోసమే పుట్టినట్టుంది. జ్వరం తగ్గిపోయాక పెద్దవాళ్ళ ఒంట్లో ఏళ్ళ తరబడి ఏం మిగిలిపోతుందో చూస్తారట. పెద్దవాళ్ళంటే నాలాంటి వాళ్ళా అని అడిగాను. కాదు తాతగారూ, పద్దెనిమిది దాటితే చాలు అని ఫోనులో నర్సమ్మ నవ్వింది.

బుల్లి చెవిలో చెప్పాను. సరే నాన్నా అంది. సంతోషంగా లేదా అన్నాను. సంతోషించాలని తెలుసు నాన్నా, ఏమీ అనిపించడం లేదు అంది. నీళ్ళు అయిపోయాయి అన్నట్టు చెప్పింది.

పోనీలే. దాని వాటా సంతోషం కూడా నేనే పడతాను.

ఫిబ్రవరి 8

బుల్లి డ్యూటీ బూట్లు తుడిచి పెట్టాను. సాలెపురుగు కాపురం పెట్టింది, ఖాళీ చేయించాను.

ఫిబ్రవరి 9, గురువారం, మధ్యాహ్నం మూడు

ఇప్పుడే ఇల్లు చేరాం. అది పడుకుంది. నేను రాయకపోతే పగిలిపోతాను.

రక్తం తీశారు. గొట్టంలోకి ఊదించారు. పిడికిలి బిగించే మర ఒకటి ఉంది, అది బిగించమన్నారు. కొన్ని మాటలు చదివి వినిపించి, కాసేపాగి ఏవేం గుర్తున్నాయో అడిగారు. వాటిలో నాకు రెండే గుర్తున్నాయి, బుల్లికి నాలుగు. నా కూతురే.

ఆఖర్న నడక. పొడుగాటి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకి ఆరు నిమిషాలు తిరగాలి. నర్సమ్మ గడియారం పట్టుకుని నిమిషానికోసారి ఒకటే మాట అంటుంది. బాగా నడుస్తున్నారు, ఇంకా అయిదు నిమిషాలుంది. బాగా నడుస్తున్నారు, ఇంకా నాలుగు నిమిషాలుంది. రైల్వేస్టేషన్ మైకు నయం. అలా చప్పగా అంటే ఎవరికి ఊపొస్తుంది? బుల్లి గోడ పట్టుకున్నంత పని చేసింది. నాకు ప్రాణం ఆగలేదు. బెంచీ మీంచి లేచి చప్పట్లు మొదలుపెట్టాను.

బుల్లి తొలి అడుగు వేసింది నా చప్పట్లకే. అప్పుడు నేను ఒక రెండంతస్తుల ఇల్లు కడుతున్నాను. మా ఆవిడ అన్నం పట్టుకొచ్చి దాన్ని ఇసుక పక్కన దింపింది. నేను గొంతుక్కూర్చుని చప్పట్లు కొడితే లేచి నిలబడి, తాపీ పట్టుకున్నట్టు గాలిని పట్టుకుని నడిచి వచ్చేసింది. స్కూల్లో పరుగు పందెమైనా అంతే, సైకిలు నేర్చుకున్నా అంతే. ఈ రెండు చేతులూ మోగాయంటే దాని కాళ్ళు ఆగవు.

ఇవాళా ఆగలేదు. నా తల్లి ఎలా నడిచిందో. నర్సమ్మ నాకేసి చెయ్యి ఊపింది. ఇంకా కొట్టమంటోందనుకుని ఇంకా కొట్టాను. వద్దంటోందని తర్వాత తెలిసింది. ఇంకోసారి ఇలా చేస్తే మిమ్మల్ని గేటు దగ్గర కూర్చోబెడతా తాతగారూ అంది. అననీ. పాసయిందా అని అడిగాను. ఇందులో పాసూ ఫెయిలూ ఉండవు, కొలతే అంది. మూడేళ్ళ తర్వాత నా కూతురు నడవడం నేను చూశాను. అత్తెసరు మార్కులు కాదు, ఫస్టు క్లాసు.

ఫిబ్రవరి 10

బుల్లి లేవలేదు. అలసట.

ఫిబ్రవరి 13

లేవలేదు. మా ఆవిడ చెంచాతో గంజి తాగిస్తోంది. మింగడానికి కూడా మధ్యలో ఆగి రెస్టు తీసుకుంటోంది. కిటికీకి దుప్పటి కట్టాం. ఇల్లు మూత పెట్టిన డబ్బాలా ఉంది.

ఫిబ్రవరి 17, శుక్రవారం

కవరు వచ్చింది. నార్మల్. ఏ కాగితం తిప్పినా నార్మల్. రక్తం నార్మల్, ఊపిరి నార్మల్, నడక నార్మల్. ఇంగ్లీషులో నాకు తెలిసిన నాలుగు ముక్కల్లో అదొకటి. గడప దగ్గరే కూలబడి ఏడ్చాను. నా బిడ్డ ఒంట్లో ఏ రోగమూ లేదు.

ఆ కాగితాలు చంకన పెట్టుకుని బజారుకి వెళ్ళి చాక్లెట్లు కొన్నాను. పక్కింటి దర్జీకి ఇచ్చాను. ముక్కూమొహం తెలియని వాళ్ళకి కూడా ఇచ్చాను. ఆ ఊపులోనే పోస్టాఫీసుకి వెళ్ళి పోస్టుమాస్టరు బల్ల మీద గుప్పెడు చాక్లెట్లు పోసి, కాగితాలు ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అన్నీ తిరగేశాడు. లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. చాలా సంతోషం పెద్దాయనా, ఒకటో తారీకు నుంచి వీధుల బీటుకి పంపించెయ్యండి అన్నాడు. జిరాక్సు తీయించి ఫైల్లో పెట్టుకున్నాడు. నేనే దగ్గరుండి తీయించాను.

ఇంటికొచ్చి గుసగుసగానే చెప్పాను. డాబా ఎక్కి అరిచినంత సంతోషం.

మా ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది.

బుల్లి కళ్ళు తెరవలేదు. అలాగే పడుకుని అంది. "నార్మల్ అంటే నాకేం లేదని నాన్నా. ఇక నన్నెవరు నమ్ముతారు."

చాక్లెట్లు ఇంకా జేబులో ఉన్నాయి. కరిగిపోయాయి.

ఫిబ్రవరి 18

మా ఆవిడ అంది. ఒక అరచేయి ఇంకో అరచేతికి తగలకుండా ఆరు నిమిషాలు ఉంచుకుంటే మీ సొమ్మేం పోయేదండీ. ఆ నోటికి కాగితం చూపించాను, చేతులకి కూడా ఏదైనా చూపించాల్సింది నేను.

 పోట్లాడదామన్నా మా ఇంట్లో గుసగుసే.

ఫిబ్రవరి 19

దర్జీ గోడ మీంచి పలకరించాడు. అమ్మాయికి అన్నీ నార్మలేనటగా, ఇక మంచం దిగమనండి బాబాయ్ అన్నాడు. నాకూ అలాంటి జబ్బొకటి వస్తే బాగుండు, మిషను మూసేసి పడుకుంటా అన్నాడు. నేనిచ్చిన చాక్లెట్టు బుగ్గన పెట్టుకునే అన్నాడు.

ఆ గోడ నేను కట్టిందే. ఇంకో రెండు వరసలు వేయాల్సింది.

ఫిబ్రవరి 21, మంగళవారం

ఇంట్లో చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళాను. నర్సమ్మ పెద్ద డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నా కంటే, మా బుల్లి కంటే కూడా చిన్నగా ఉంది. తిడుతుందనుకున్నాను. నడక కాగితం తీసి చూపించింది. కింద చేత్తో రాసి ఉంది, తండ్రి చప్పట్లు కొట్టారని. నా పేరు సైన్సులోకి ఎక్కడం ఇలా రాసిపెట్టి ఉంది.

తర్వాత రోజుల్లో ఎలా ఉందని అడిగింది. చెప్పాను. మింగడానికి ఆగుతోందని చెప్పాను. దుప్పటి కట్టామని చెప్పాను. డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. నేను చూడాల్సింది అదేనండీ, నా దగ్గరికి రానిది అదే అంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఒక్క రోజుకి మామూలు మనుషుల్లా చేసేస్తారట. దాని బాకీ మర్నాడు తీరుస్తారట. అందుకని స్టడీలోనే ఇంకో టెస్టు ఉంది. మూతికి మాస్కు పెట్టి సైకిలు తొక్కిస్తారు. మర్నాడు మళ్ళీ అదే సైకిలు, అదే మాస్కు. ఒంట్లో బాగున్నవాళ్ళకి రెండో రోజూ దాదాపు అంతే లెక్క వస్తుంది. వీళ్ళకి పడిపోతుంది. అది నటించినా రాదట, ఊపిరి అబద్ధం చెప్పదట.

నాకు అర్థమైంది. కట్టిన పూట ఏ గోడైనా నిలువుగానే ఉంటుంది. మర్నాడు చూడాలి, ఎక్కడ బీట కొట్టిందో.

కానీ డాక్టరమ్మ ఇంకో మాట అంది. రెండు రోజులు తొక్కితే మళ్ళీ పడిపోతుంది. ఈసారి నెల పట్టొచ్చు. కొందరు మొదటికంటే కిందికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. అది మీ అమ్మాయి తేల్చుకోవాలి, మీరు కాదు, నేను కాదు అంది. పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని పోస్టాఫీసుకి రాసి పంపుతానంది.

మెట్లు దిగుతుంటే ఏమీ అనిపించలేదు. బుల్లి చెప్పేది ఇదే కాబోలు.

ఫిబ్రవరి 22

బుల్లికి అంతా చెప్పాను. చెప్పి, నేనే వద్దన్నాను. కాగితం లేకపోతే లేకపోయింది, పోస్టాఫీసు పోతే పోయింది, నువ్వు ఇలా పడుకునైనా ఉండమ్మా అన్నాను. మొన్న నడిపించింది నేనే, ఇవాళ ఆపేదీ నేనే. మా ఆవిడ కూడా వద్దనే అంది. మా ఇద్దరికీ ఒకే మాట కుదరడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి.

 సాయంత్రం బుల్లి నన్ను పిలిచింది. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పింది.

"వెళ్తాను నాన్నా. జబ్బుందని కాదు. నేను అబద్ధం ఆడటం లేదని."

నేను తల ఊపాను.

"నువ్వు చప్పట్లు కొట్టకూడదు. అవి వింటే నా కాళ్ళు నా మాట వినవు."

కొట్టనన్నాను.

"నన్ను ఫెయిలవనీ."

మార్చి 2

పోస్టుమాస్టరు ఆగుతానన్నాడట. నెలాఖరు వరకే.

మార్చి 9

గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్ళింది. మా ఆవిడ నా చేతులకేసి చూసింది. జేబుల్లో పెట్టుకున్నాను.

మార్చి 14, మంగళవారం

మొదటి రోజు సైకిలు. నన్ను అద్దం బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. నేనే అడిగి బయట కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

బుల్లి తొక్కింది. మూతికి మాస్కు, ఒంటి నిండా తీగలు, నేలకి కట్టేసిన సైకిలు. ఊరంతా తిరిగిన పిల్ల, ఉన్నచోటే తొక్కుతోంది. నర్సమ్మ నిమిషానికోసారి అదే చప్పటి గొంతుతో, బాగా తొక్కుతున్నారు. ఇవాళ ఆ గొంతు వేరేగా వినబడింది. ఎవర్నీ ముందుకి తోయని గొంతు. ఎంత దూరం పోతే అంతే చాలు అనే గొంతు. నాకు అలాంటిది లేదు. నాకెవరూ నేర్పలేదు.

లెక్క బాగానే వచ్చిందట. ఒంట్లో బాగున్నవాళ్ళ లెక్కే. మొన్నటి నేనైతే బజారుకి పరిగెత్తేవాణ్ణి.

మార్చి 15, బుధవారం

చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. ముఖం సున్నం కొట్టినట్టుంది. డాక్టరమ్మ వంగి అడిగింది, ఇప్పుడైనా వద్దనుకోవచ్చు అని. బుల్లి సైకిలు వైపు చూపించింది.

ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. తొక్కడం మొదలుపెట్టింది. నిన్నటి మనిషి కాదు. నిన్న నడుం నిటారుగా ఉంది, ఇవాళ హ్యాండిలు మీద వాలిపోయింది. మధ్యలో తల తిప్పి అద్దంలోంచి నన్ను చూసింది. ఎప్పుడూ చూసే చూపే. పందెంలో చూసింది, ఇసుక దగ్గర చూసింది. ఆ చూపుకి నా చేతులు వాటంతట అవే లేస్తాయి. తొడల కింద పెట్టి ఒళ్ళంతా బరువేసి కూర్చున్నాను. కళ్ళు మూసుకోలేదు. చూడకపోతే దాన్ని వదిలేసినట్టు అనుకుంటుంది.

ఆగిపోయింది. నిన్నటికంటే చాలా ముందే ఆగిపోయింది.

డాక్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నిన్నటి లెక్కలో నాలుగో వంతు పోయిందట. ఒక్క రాత్రిలో. ఇది సోమరితనం కాదు, మనసు బలహీనం కాదు, ఇక నేను రాయగలను, ఎవరికి కావాలంటే వాళ్ళకి రాయగలను అంది.

ఫెయిలయింది. నా కూతురు ఫెయిలయింది. నా జన్మలో ఇంత సంతోషం ఎరగను. నాచేత ఇల్లు కట్టించుకున్న ప్రతివాడూ గృహప్రవేశానికి నన్ను భుజాన ఎత్తుకున్నా ఇంత ఉండదు. నా బిడ్డ నిజమే చెప్పింది. మూడేళ్ళూ నిజమే చెప్పింది.

లేవబోయాను. చేతులు లేవలేదు. తిమ్మిరెక్కి రెండూ చచ్చిపోయాయి. ఒళ్ళో పెట్టుకుని చూశాను, ఎవరివో తెచ్చి పెట్టినట్టున్నాయి. నర్సమ్మ వచ్చి రుద్దింది. పాసా ఫెయిలా అని అడగరేం తాతగారూ అంది. 

మార్చి 16

మంచం.

మార్చి 17

మంచం.

మార్చి 24

మంచం. నన్ను గుర్తుపట్టింది గానీ మాట రాలేదు. వేలు కదిపింది.

కట్టిన మేస్త్రీయే గోడ కూలగొట్టి, బీట ఉందని రుజువు చూపించినట్టు ఉంది.

ఏప్రిల్ 3, సోమవారం

పోస్టుమాస్టరు మనిషిని పంపించాడు. డాక్టరమ్మ కాగితం అందిందట. ఉత్తరాలు విడదీసే బల్ల దగ్గర ఒక్కపూట పని, అదీ ఒంట్లో కుదిరినప్పుడే చేరొచ్చట. అప్పటిదాకా కుర్చీ బుల్లిదే. ఈసారి చాక్లెట్లు లేవా అని అడిగాడట.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఇంట్లో ఏడుపుకి కూడా రూలే.

నేను సంతోషించాలి. సంతోషం వచ్చింది. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు. దాన్నీ గుసగుసగానే పిలిచాను, వినబడలేదేమో.

స్టడీ వాళ్ళు ఏడాది తర్వాత మళ్ళీ రమ్మన్నారు. బుల్లి కంటే ముందు నన్ను అడిగారు, బయట కూర్చుంటారా అని. కూర్చుంటానన్నాను.

ఏప్రిల్ 12

బుల్లి మంచం మీంచి కుర్చీ దాకా వచ్చింది. కూర్చుని కళ్ళు మూసుకుంది. ఇప్పుడు కొట్టు నాన్నా అంది.

కొట్టాను. అరచేతులు కలవనివ్వకుండా, గాలిలో. మా ఆవిడ కూడా వచ్చి పక్కన నిలబడి అలాగే కొట్టింది.

వినబడుతోందామ్మా అని అడిగాను.

ఊఁ, చాలు అంది.